దీవిలో ముంగారి జొన్న

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఎండలు మొదలవుతున్న ఒక మధ్యాహ్నం నా భర్త కడప నుంచి వచ్చి బస్సు దిగి, కాళ్లు కూడా కడుక్కోకుండా అరుగు మీద కూర్చుని, తనకు సముద్రం అవతల ఉద్యోగం వచ్చిందని చెప్పాడు. మారిషస్ అనే దీవి. తాతల కాలంలో కోస్తా నుంచి చెరుకు తోటల్లో కూలికి పోయిన తెలుగువాళ్లు అక్కడ ఉన్నారట. వాళ్ల పిల్లలకు తెలుగు నేర్పే పంతులు కావాలట. మూడేళ్లు ఉండాలి. ఇల్లు వాళ్లే ఇస్తారు. పెళ్లాన్ని వెంట తెచ్చుకోవచ్చు.

నేను చెరుగుతున్న చేట అక్కడే ఆగిపోయింది. ఆయన చెప్పినదాంట్లో చివరి మాట ఒక్కటే నా చెవిలో పడింది. మా పెళ్లయి రెండేళ్లు దాటింది. ఆయన కడపలో పంతులు. అక్కడ ఒక మిద్దె మీద చిన్న గదిలో ఇంకా ఇద్దరు పంతుళ్లతో కలిసి వండుకుని తినేవాడు. నేను పత్తికొండ దగ్గర పల్లెలో మా అత్త దగ్గర ఉండేదాన్ని. సెలవులొస్తే నాకు మొగుడుండేవాడు, బడి తెరిస్తే నాకు అత్త ఉండేది. ఇందులో ఎవరి తప్పూ లేదు, చాలా ఇళ్లలో అదే తీరు. కానీ నాకు మొగుడితో కాపురం చెయ్యాలని ఉండేది. ఈ వయసులో ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. అప్పుడు మాత్రం తల వంచుకుని చేటలో జొన్నలను చూస్తూ కూర్చున్నాను.

మా అత్తకు అప్పటికి యాభై నిండలేదు. మామ చిన్న వయసులోనే పోతే, ఉన్న మెట్టచేను తానే నిలబడి చేయించుకుంటూ కొడుకును చదివించుకుంది. మనిషి గట్టిది, మాట తక్కువ. నేను అందుకు ఎదురు రకం, నా నోరు మూతపడేది కాదు. ఇద్దరం ఒకే పొయ్యి దగ్గర రెండేళ్లు గడిపినా ఆమె మనసులో ఏముందో నాకు అందలేదు.

కొడుకు చెప్పిందంతా విని ఆమె అడిగింది. "ఆడ ఏం పండుతాది?"

"చెరుకమ్మా."

"చెరుకు తిని బతుకుతారా మనుషులు?"

"బియ్యం బయట దేశాల నుంచి ఓడల్లో వస్తాయంట."

ఆమె లేచి గొడ్లకు నీళ్లు పెట్టి వచ్చింది. వచ్చాక చెప్పింది. "నేనూ వస్తా. పచ్చజొన్న ఇత్తనం తెస్తా. ఆ మట్టిలో ఒక్క పంట పండల్ల. పండితే సరే. పండకపోతే నేనూ నా కోడలూ ఎనక్కి వచ్చేస్తాం. నువ్వు మూడేండ్లూ ఉండి చదువు చెప్పుకోని రా."

ఆమె ఒక్కతే వెనక్కి వస్తే ఏమని మీరు అడగవచ్చు. మా వైపు, మా ఇళ్లలో, ఒంటి ఆడమనిషి పక్క తాలూకాకు పోవాలన్నా ఇంట్లోవాళ్లు ఎవరో ఒకరు తోడు ఉండాల్సిందే. అట్లాంటిది సముద్రం మీద ఆమెను ఒంటరిగా పంపే మాటే లేదు. కొడుకు ఉద్యోగం వదిలి రాలేడు. కాబట్టి ఆమె వస్తే నేనూ రావాలి. అంటే నా కాపురం మొత్తం పచ్చజొన్న మీద పడింది. దేవుడి మీద పడినా మొక్కుకుని ఊరుకునేదాన్ని. జొన్నకు ఏం మొక్కుతారు?

పచ్చజొన్న మాకు ముంగారి పంట. తొలకరి వానలకు విత్తేది ముంగారి, చలి ముందర విత్తేది హింగారి. మా ఊళ్లో అన్నం పండగనాటి తిండి, మామూలు రోజుల్లో జొన్నరొట్టె, జొన్న సంగటి. రొట్టె లేని పూట మా అత్త ఎంత తిన్నా, నీళ్లు తాగి "ఇంగ తిండి పెట్టు" అన్నట్టు కూర్చునేది.

పాసుపోర్టుల కోసం ముగ్గురం కర్నూలుకు పోయాం. రాజధాని అయితే అయింది గానీ ఆఫీసులకు ఇళ్లు చాలక గుడారాలు వేశారు. గుడారం లోపల బయటికన్నా ఎక్కువ ఎండ కాసేది. కాగితాల మీద రాళ్లు పెట్టుకుని గుమాస్తాలు చెమట తుడుచుకుంటూ రాసేవారు. మా అత్తను ఫోటో దిగమంటే ఆమె మొహం పక్కకు తిప్పుకుంది. ఫోటో తీసేవాడు మంచి సాయిబు, "అమ్మా, మీ చేను ఎదురుగా ఉండాదనుకోండి" అన్నాడు. ఆమె నేరుగా చూసింది. ఆ ఫోటోలో ఆమె నిజంగానే చేను గట్టు మీద నిలబడినట్టు ఉంటుంది.

చేను ఆమె తమ్ముడికి గుత్తకు ఇచ్చి, గుంతకల్లులో రైలెక్కి బొంబాయి పోయాం. అక్కడ ఆఫ్రికా వైపు పోయే ఓడ. మాది పైతట్టు టికెట్టు, అంటే ఓడ పైభాగంలో అందరూ చాపలు పరుచుకుని ఉండే చోటు. ఎవరి తిండి వాళ్లదే. మా అత్త జొన్నపిండి బస్తా తెచ్చింది. విత్తనం మూట మాత్రం తలకింద పెట్టుకుంది. చుట్టూ గుజరాతీ వర్తకుల కుటుంబాలు. ఓడ ఊగుతుంటే నాకు కడుపులో తిప్పి, బతుకు మీద ఆశ పోయింది. ఆమెకేమీ కాలేదు. ఒడ్డు కనబడకుండా పోయిన రోజు చాలాసేపు నీళ్ల వైపు చూసి, "ఇంత బీడు ఎప్పుడూ చూళ్లేదు" అంది. ఆ తర్వాత సముద్రాన్ని పట్టించుకోలేదు.

పక్క చాప మీద ఒక గుజరాతీ వర్తకుడు ఉండేవాడు. ఆ దీవుల్లో దుకాణం పెట్టుకుని చాలా ఏళ్లయిందట. ఆయన హిందీలో చెప్పేది నా భర్త మాకు తెలుగులో చెప్పేవాడు. అక్కడ దీవులు మూడు, ఒకదానికొకటి దూరం దూరంగా ఉంటాయి. మూడూ సముద్రం అడుగున నిప్పు పొంగి, గట్టిపడి పైకి లేచినవి. రెండింటిలో నిప్పు చల్లారి చాలా కాలమైంది. మూడోదాంట్లో కొండ ఇప్పటికీ అప్పుడప్పుడు మండుతుంది. మనం పోయేది ఏ దీవికో గట్టిగా కనుక్కోమని నా భర్తను సతాయించాను.

మా అత్త మాత్రం, "కాలిన నేల మంచిదే. కోత అయినాక మనం సేన్లో కొయ్యకాళ్లు కాల్చమా?" అంది.

దీవి దూరం నుంచి చూస్తే పచ్చగా ఉంది. కొండలు మా కొండల మాదిరి గుండ్లు పేర్చినట్టు లేవు, నోరు విరిగిన కుండల్లాగా ఉన్నాయి. ఓడ రేవుకు దూరంగా ఆగితే పడవలో దిగాం. దండలు పట్టుకుని తెలుగువాళ్లు వచ్చారు. వాళ్ల మొహాలు మనవాళ్లవే, మాట మాత్రం వేరే. పాత తెలుగు ముక్కలు నాలుగు పలికి, మిగతాది ఆ దీవి భాషలో చెప్పుకునేవారు. వాళ్లు భజన పాటలు తప్పు లేకుండా పాడతారు గానీ, "నీళ్లు కావాలా" అని అడగడానికి తడుముకునేవారు. అందుకే పంతులు కావలసి వచ్చాడు.

ఇల్లు రేకుల ఇల్లు. ముందు వసారా, దాని వెనక కొంచెం ఖాళీ నేల, ఆ వెనక కనుచూపు మేర చెరుకు. చెరుకు మధ్యలో అక్కడక్కడా నల్లరాళ్ల కుప్పలు, మిద్దెలంత ఎత్తున. నేలలో ఉన్న రాళ్లన్నీ కూలివాళ్లు తాతల నాటి నుంచీ ఏరి ఏరి పోసినవట. రాళ్లు తేలిక, వాటి నిండా బెజ్జాలు, పెనం మీద దోసెకు పడినట్టు. మా అత్త ఒక కుప్ప దగ్గరికి పోయి రాయి చేతిలోకి తీసుకుని చూసింది.

"ఈళ్లూ మన మాదిరే ఏరినారు పాపం," అంది. దిగినప్పటి నుంచి ఆ దీవిలో ఆమె మెచ్చుకున్నది అదొక్కటే.

మేం పోయేసరికి అక్కడ చలి. మా వేసవి ఎండల నుంచి పోయినవాళ్లకు అది వణుకే. రోజుకు ఒకసారైనా సన్నటి జల్లు పడేది. వాన పడితే నేనూ మా అత్తా ఎక్కడున్నా వసారాలోకి వచ్చి నిలబడి చూసేవాళ్లం. వాన చూసినప్పుడు పని చెయ్యడం మాకు చేతకాదు. పక్కింటావిడ మమ్మల్ని చూసి నవ్వేది. ఆమె తాత కోస్తా నుంచి వచ్చినవాడు. ఆమెది చెరుకు నరికే పని, బలమైన చేతులు. మా అత్తను "అక్కా" అని పిలిచేది. ఆ పిలుపు ఒక్కటే ఆమె మాటల్లో మా అత్తకు అర్థమయ్యేది, చాలా రోజులకు అదే సరిపోయింది.

మృగశిర దగ్గరపడింది. మా వైపు సేద్యమంతా కార్తెల మీద నడుస్తుంది. సూర్యుడు ఏ నక్షత్రంలో ఉంటే అది ఆ కార్తె, పంచాంగంలో చూసుకోవడమే. మృగశిర తొలకరికి, విత్తడానికి. మా అత్త నన్ను వెంటబెట్టుకుని వెనక నేలలో రాళ్లు ఏరడం మొదలుపెట్టింది.

నా భర్త వచ్చి చూసి, "అమ్మా, ఇక్కడ ఇది చలికాలం. వీళ్లెవరూ ఇప్పుడు ఏమీ వెయ్యరు" అన్నాడు. పక్కింటావిడ కూడా చెయ్యి అడ్డంగా ఊపింది.

"చలి అయితే దుప్పటి కప్పుకోండి," అంది మా అత్త. "మృగశిర వచ్చినాక ఇత్తకుండా ఎట్ల కూర్చుంటారప్పా? నక్షత్రం ఆకాశంలో ఉండాది, నీ దీవిలో లేదు గదా."

నేను ఆమె పక్షం. నేనూ కార్తెల మధ్య పుట్టి పెరిగినదాన్నే. చలికాలం అని ఎవరో చెబితే మృగశిర మృగశిర కాకుండా పోతుందా? పైగా నాకు తొందర. ఎంత తొందరగా పండితే అంత తొందరగా నా భయం తీరుతుంది.

విత్తే రోజు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టాం. అక్కడ కొబ్బరికాయలకు కొదవ లేదు. ఎద్దులు మాత్రం లేవు. సాళ్లు వంకర పోతే ఆమె ఒప్పుకోదు. అందుకని ఒక కొయ్యకు మేకులు కొట్టి గొర్రులాంటిది చేసి, దానికి తాడు కట్టి నన్ను లాగమంది. నేను లాగుతుంటే ఆమె వెనక నుంచి నొక్కి పట్టుకుని గింజలు వదులుతూ వచ్చింది. ఆయన పంచె ఎగ్గట్టి నేనూ లాగుతానని వస్తే, "పంతులెద్దు వద్దు, సాలు మధ్యలో నిలబడి పాఠం చెప్తాది" అంది. ఆమె హాస్యమాడగా నేను వినడం అదే మొదటిసారి.

మొలక బాగా వచ్చింది. నేను పొద్దున్నే లేచి ముందు చేను చూసి, తర్వాతే పొయ్యి వెలిగించేదాన్ని. ఆ నెలలు నా జీవితంలో మంచివి. ఆయన బడి నుంచి సాయంత్రం ఇంటికి వచ్చేవాడు. రోజూ వచ్చేవాడు. వచ్చిన మనిషి మళ్లీ సెలవు అయిపోయిందని పోడు. పిల్లలు ఆ రోజు అక్షరాలు ఎట్లా రాశారో చెప్పేవాడు, నేను వంట చేస్తూ ఎగతాళి చేసేదాన్ని. ఇంత మామూలు సంగతి కోసమా నేను అంతగా కొట్టుకున్నది అనిపించేది. అంత మామూలు సంగతి కోసమే.

పైరు మోకాలి ఎత్తు వచ్చింది. అక్కడితో ఆగిపోయింది. ఒకరోజు పొద్దున చూస్తే ఆ పొట్టి మొక్కలకే కంకులు వచ్చేశాయి. మా ఊళ్లో పచ్చజొన్న మనిషిని దాటి పెరుగుతుంది. చేలోకి పోయిన మనిషి కనబడడు. ఇక్కడ మేం చేలో నిలబడితే పైరే కనబడలేదు. కంకులు బొటనవేలంత ఉన్నాయి. గింజ కొన్నిటికే పట్టింది, మిగతావి తాలు. అన్నీ కోసి, చేత్తో నలిపి, చెరిగితే మా అత్త దోసిట్లోకి వచ్చింది ఆ పంట.

ఆ రోజు వసారాలో పంచాయితీ జరిగింది.

"గింజ వచ్చింది గదమ్మా. పండినట్టే లెక్క," అన్నాడు ఆయన.

"కోడిపిల్లకు పెట్టు, చాలంటాదేమో అడుగు," అంది ఆమె.

"విత్తింది తప్పు కాలంలో. అది పంట తప్పు కాదు."

"కాలం తప్పు ఎట్ల అయితాది? మృగశిరలో ఇత్తినాం. ఈ మట్టికి మన గింజ పడలేదు. అంతే."

నేను లేచి తాలు ఊడ్చాను. ఆయన నా వైపు చూశాడు. మాట అంటే మాటే, మా అత్త దగ్గర మార్పు ఉండదని మా ఇద్దరికీ తెలుసు. బొంబాయికి తిరిగిపోయే ఓడ రావడానికి ఇంకా కొన్ని వారాలున్నాయి. నేను ఒక్కో చీరా మడిచి ట్రంకుపెట్టెలో పెట్టడం మొదలుపెట్టాను. మళ్లీ తీసి కట్టుకోవలసిన చీరలే అయినా మడిచి పెట్టాను, నాకు చేతులకు పని కావలసి వచ్చింది. ఆమె మీద కోపం వచ్చింది. జొన్న మీద ఇంకా ఎక్కువ వచ్చింది.

ఇంట్లో గడియారం ఒక్కటే ఉండేది, అది ఆయన చేతికి ఉండేది. మా అత్తకు గడియారంతో పని లేదు. మా ఊళ్లో మిద్దె చూరు నీడ ఎక్కడికి వచ్చిందో చూసి ఆమె వంట పూర్తి చేసేది. ఇక్కడికి వచ్చిన కొత్తలోనే, వసారా గుంజ నీడ మధ్యాహ్నానికి ఎక్కడ పడుతుందో అక్కడ ఒక నల్లరాయి పెట్టుకుంది. ఆ నీడ రాయి దగ్గరికి వస్తే అన్నం వేళయిందని గుర్తు. నీడ కదిలినప్పుడల్లా రాయి కదిలించకుండా ఇంకో రాయి పెడుతూ వచ్చింది. నేను వాటిని పట్టించుకోలేదు. నేను ప్రయాణానికి సర్దుతున్న ఆ రోజుల్లో ఆమె గుంజ దగ్గర కూర్చుని ఆ రాళ్ల వరస వైపు చాలాసేపు చూడడం కనబడింది. తెల్లారి కూడా అట్లాగే కూర్చుంది.

"ఇట్రామ్మే," అని పిలిచింది నన్ను. "మనూర్లో ముంగారి ఇత్తేటప్పుడు మిట్టమధ్యాన్నం నీడ యాడ ఉంటాది?"

"కాళ్ల కిందే కదత్తా."

"పుష్యమాసంలో?"

"సాగుతుంది."

"సూడు." మొదట పెట్టిన రాయి చూపించింది. అది గుంజకు చాలా దూరంలో ఉంది, దాదాపు గుంజంత దూరంలో. "ఇది మనం మృగశిరలో ఇత్తిన దినం పెట్టింది. ఆ దినం ఈడ పొద్దు పుష్యమాసం పొద్దు. అప్పట్నించి మనూర్లో నీడ సాగతా వస్తాది. ఈడ కుంచించుకపోతాండాది. పొద్దు ఈడ ఎదురు నడుస్తాంది."

నేను రాళ్ల వంక చూశాను. ఒక్కొక్క రాయీ గుంజకు దగ్గరగా జరిగి వస్తోంది. ఇంకా కొన్నాళ్లకు నీడ గుంజ మొదట్లోకి వచ్చేస్తుందని ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

"కార్తెలు అబద్ధం కాదు," అంది ఆమె, తనతో తాను అనుకుంటున్నట్టు. "అవి మనూరివి. ఈ నేలకు దాని పొద్దు దానికుండాది. నీడ కాళ్ల కిందికి వచ్చిన దినమే ఈళ్లకు ముంగారి."

ఆమె లేచి లోపలికి పోయి ఆ దోసెడు గింజలను గుడ్డలో కట్టి ఉట్టి మీద పెట్టింది. "ఇంగొక్కసారి సూద్దాం. ఆ ఓడకు పోవద్దు" అంది. నా ట్రంకుపెట్టె వైపు చూసి, "చీరలు తీసి ఎండలో ఎయ్యి, తేమ పట్టింటాయి" అని కూడా అంది. నేను తీసి ఎండేశాను. సంతోషంతో ఒకటి తీగె మీద వెయ్యకుండా నేల మీదే పడేశాను.

అప్పటికి మేం తెచ్చుకున్న జొన్నపిండి అయిపోయి చాలా కాలమైంది. ఆమెకు రోజూ అన్నమే. "పండగ దినం తినేది రోజూ తింటే ఇంగ పండగ ఏం చేసుకునేది" అని గొణుగుతూ తినేది. మనిషి చిక్కింది. ఆ దోసెడు గింజలు విసిరితే ఆమెకు ఒకటో రెండో రొట్టెలయ్యేవి. నేను ఆ మాట అడిగాను కూడా. ఆమె వినబడనట్టు పోయింది.

మా ఊళ్లో పైర్లు కోసి, గొంగళ్లు కప్పుకునే జ్యేష్ఠ కార్తెలో, అంటే డిసెంబరులో, అక్కడ నీడ గుంజ మొదట్లోకి వచ్చింది. ఎండ నెత్తి మీద కాసింది. పెద్ద వాన పడింది, మా వాన మాదిరి ఉరుముతూ. తెల్లారి నేను మళ్లీ ఎద్దునయ్యాను. ఈసారి పక్కింటావిడ కూడా తాడు పట్టింది, అడగకుండానే.

ఆ పైరు పెరగడం చూసి భయమేసింది. నడుము దాటింది, భుజం దాటింది, వసారా చూరును అందుకుంది. మధ్యలో ఒకరోజు సముద్రం మీద నుంచి పెద్ద గాలి వచ్చి రేకులు దడదడలాడించింది. చేను సగం పక్కకు వాలిపోయింది. ముగ్గురం వానలోనే చెరుకు గడలు పాతి, పురికొసతో కట్టి నిలబెట్టాం. ఆయన కళ్లద్దాలు బురదలో పడి పగిలాయి. రెండు వారాలు పిల్లల పలకలు మొహానికి ఆనించుకుని చూసేవాడు.

కంకులు వచ్చాక పిట్టలు వచ్చాయి. అక్కడ పసుపుపచ్చ పిట్టలు గుంపులుగా దిగేవి. మా అత్త చీర అంచుతో వడిసెల అల్లింది. రాయి పెట్టి గిర్రున తిప్పి వదిలింది. మా ఊళ్లో ఆమె వడిసెల రాయి మంచె మీద నుంచి చేను అవతలి గట్టుకు పోయేది. ఇక్కడ చేను మధ్యలోనే పడిపోయింది. మళ్లీ విసిరింది, మళ్లీ పడింది. రాయిని తీసి తూకం చూసి, "నిప్పులో పుట్టిన రాయికి బరువు లేదు" అంది విసుగ్గా. తర్వాత వాగులో బెజ్జాలు లేని గుండ్రాళ్లు వెతికి తెచ్చుకుంది. ఆ తర్వాత పిట్టల పప్పులు ఉడకలేదు.

నా మనసులో ఒకటే ఆలోచన. ఇది పండితే నేనుంటాను. పిట్టలు ఒక్క కంకి పొడిచినా నా కాపురంలో ఒక రోజు పొడిచినట్టు లేచి అరిచేదాన్ని. చుట్టుపక్కల తెలుగువాళ్లు చేను చూడడానికి వచ్చేవారు. ఒక ముసలాయన కంకిని పట్టుకుని తన తల్లి చెప్పిన పేరేదో గుర్తు చేసుకోబోయి, రాక, కంకిని వదలకుండా నిలబడిపోయాడు.

మా ఉగాది వెళ్లాక కోశాం. కళ్లం చెయ్యడానికి చోటు లేక వసారాలోనే కొట్టాం. బస్తాకు కొంచెం తక్కువ వచ్చింది. పచ్చటి గింజ, గట్టి గింజ. పక్కింటావిడ దగ్గర మసాలా నూరే నల్లరాయి ఉంటే దాని మీదే పిండి చేశాం. వేణ్ణీళ్లు పోసి పిసికి మా అత్త రొట్టె తట్టింది. ఆ చప్పుడు వినబడగానే ఆయన చేతిలో పుస్తకం మూసి వంటింటి గడపలోకి వచ్చి కూర్చున్నాడు. మొదటి రొట్టె ఆయనకు, రెండోది పక్కింటావిడకు, మూడోది నాకు. తనకు చివర తట్టుకుంది. కారం, ఉల్లిపాయ పెట్టుకుని నెమ్మదిగా తినింది.

"మనూరి దాని మాదిరి లేదు," అంది తిన్నాక. "అయినా జొన్నే."

గెలిచామని ఆయన నా వైపు చూసి కళ్లతోనే అన్నాడు.

ఆమె చెయ్యి కడుక్కుని వచ్చి గుంజకు ఆనుకుని కూర్చుంది. "అబ్బోడా, ఈ నెలలో ఓడ ఉండాదని చెప్తివి గదా. దానికి నాకు టికెట్టు రాయించు."

నేనే ముందు అందుకున్నాను.

"జొన్న పండింది కదత్తా."

"పండింది గాబట్టే పోతాండా. మృగశిరకు నేను సేన్లో ఉండల్ల."

"మరి నేను?"

"నువ్వేంది?"

"నీకు తోడు రావాలి కదా. నా చీరలు సర్దుకోవాలా?"

ఆమె నన్ను కొత్తగా చూసినట్టు చూసింది. "నిన్నెందుకు తీసుకపోతానే? ఆ గుజరాతీ శెట్టి ఇల్లంతా బొంబాయికి పోతాండాది, ఆళ్ల ఆడోళ్లతో పోతా. ఆడికి నా తమ్ముడు వస్తాడు. పండకపోయింటే నిన్ను ఈడ్చుకోని పోయేదాన్ని. మొగుడు పొద్దంతా బడిలో ఉంటాడు. సుట్టూ నీళ్లు. నీకు తెలిసిన గింజ లేదు, ఎప్పుడు ఇత్తల్లో తెలీదు, ఓడ రాకపోతే ఏం తినల్లో తెలీదు. అట్లాంటి సోట ఆడపిల్లను ఎట్ల ఇడ్సిపెట్టి పోవల్ల నేను? ఇప్పుడు నీకు తెలుసు. నువ్వుండు."

ఆ షరతు ఆమె కొడుకుకు పెట్టిందని ఇన్నాళ్లూ అనుకున్నాం. ఆమె పెట్టింది ఆ దీవికి. ఏడాది పాటు ఇష్టం లేని అన్నం తింటూ, చలికి వణుకుతూ, నన్ను దానికి అప్పగించవచ్చో లేదో చూసుకుంది. నాకు ఆ మాట అర్థమయ్యేసరికి ఆమె లేచి చొప్ప కట్టలు కట్టడానికి పోయింది.

రేవులో జనం. గుజరాతీ ఆడవాళ్లు ఆమెను తమ మధ్య నిలబెట్టుకున్నారు. గింజ కొంచెం తీసుకుపొమ్మంటే ఒక్కటి కూడా ముట్టలేదు, ఆడ లేవా అంది. చేతిలో సంచి తప్ప ఏమీ లేదు. కొడుకు కాళ్లకు మొక్కితే తల మీద చెయ్యి పెట్టింది. నేను మొక్కి లేచేసరికి నాకేమైందో తెలియదు, ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఏడాది పొడుగునా, ఈమె నన్ను ఎక్కడ వెంట తీసుకుపోతుందో అని భయపడినదాన్ని నేను.

"నేనూ వస్తా అత్తా," అన్నాను. నిజంగానే అన్నాను. ఆయన పక్కనే ఉన్నాడు, విన్నాడు. అప్పుడు నాకు ఆయన గుర్తే లేడు.

ఆమె నా వేళ్లను ఒక్కొక్కటే విప్పింది. "పిచ్చిదానా, నువ్వొస్తే ఆ జొన్నలు ఎవురు తినల్ల?" అంది. కొంగుతో నా మొహం తుడిచి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, పడవవాడి చెయ్యి అందుకోకుండానే పడవలోకి దిగి కూర్చుంది.

పడవ ఓడ వైపు పోయింది. గుజరాతీ ఆడవాళ్లంతా వెనక్కి తిరిగి చేతులు ఊపారు. ఆమె ఎదురుగానే చూస్తూ కూర్చుంది. ఆమె ఓడ మెట్లు ఎక్కి లోపలికి పోయేదాకా చూశాం. తర్వాత ఆయన బడికి వేళయిందని మెల్లగా చెప్పాడు, మేం బస్సు కోసం నడిచాం.